మూడో లెవెల్లో గూళూరు బోరు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా ఇంట్లో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు. ఆ రోజులంటే ఎడ్లబండ్ల కాలమేమీ కాదు. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఫోన్లలో గ్రూపులున్నాయి, గ్రూపుల్లో గొడవలున్నాయి. తేడా ఒక్కటే, అప్పుడు మాకు కోపం తెచ్చుకునేంత తీరిక ఉండేది. ఇప్పుడు బస్సు కళ్లముందే వెళ్లిపోయినా నాకు సరిగ్గా కోపం రాదు. అప్పుడు మాత్రం ఒక వీడియో గేమ్ రెండో భాగం బాగాలేదని బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం కుర్రవాళ్లమంతా కలిసి అన్నం మానేసినంత పని చేశాం. (అన్నం మానలేదు. మా అమ్మ ఆ మాట ఒప్పుకోదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.)

బాగేపల్లిలో మాది కిరాణా అంగడి. నేను చదువు ముగించి చిక్కబళ్లాపురంలో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగానికి కొత్తగా కుదురుకున్నాను. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో కీబోర్డు. ఆదివారం వస్తే మాత్రం చింతామణిలో మా మేనమామ ఇంటికి పరిగెత్తేవాణ్ణి. అక్కడ బట్టల అంగడి పైన గదిలో మామ కొడుకు, అంటే మా బావ, మంచి కంప్యూటరు ఒకటి పెట్టించుకున్నాడు. అది వ్యాపారం కోసమని మామ నమ్మకం. ఆ నమ్మకాన్ని మేమిద్దరం ఎంతో భక్తిగా కాపాడుతూ వచ్చాం.

మేం ఆడే ఆటకు ఇంగ్లీషులో నోరు తిరగని పేరుండేది. మేం దాన్ని తాళం తుపాకి అనేవాళ్లం. వెనకాల పాట మోగుతూ ఉంటుంది, ఎదురుగా ఇనుప రాక్షసులు వస్తూ ఉంటారు, పాట తాళానికి సరిగ్గా తుపాకి పేలిస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. తాళం తప్పితే చిన్నగా తగులుతుంది, కానీ తగులుతుంది. అంటే నాలాంటివాణ్ణి కూడా కనికరించే ఆట. (బడిలో ప్రార్థనకు చప్పట్లు కొట్టమంటే, అందరూ ఆపేశాక నావి ఒకటి రెండు మిగిలిపోయేవి. అయ్యవారు నన్ను వెనక వరుసకు పంపి, చేతులు కట్టుకోమని చెప్పారు.) బావకు మాత్రం తాళం ఒంట్లోనే ఉంది. వాడు ఆడుతుంటే గది బయట చెప్పుల వరస కనిపించేది. చుట్టుపక్కల ఊళ్లలో ఈ ఆట ఆడేవాళ్లందరినీ కూడగట్టి వాడు ఫోన్లో ఒక గ్రూపు కూడా పెట్టాడు.

రెండో భాగం వస్తుందని తెలిసిన దగ్గర్నుంచి ఆ గ్రూపులో పెళ్లి కళ వచ్చింది. తీరా వచ్చాక చావు కళ వచ్చింది. ఏం జరిగిందంటే, తయారుచేసినవాళ్లు కనికరం తీసేశారు. తాళం తప్పి పేలిస్తే తుపాకి బిగుసుకుపోతుంది. మళ్లీ తాళం అందుకునేదాకా తెరుచుకోదు. ఆలోపు ఇనుప రాక్షసులు వచ్చి మనల్ని తీరిగ్గా చంపి వెళతారు. బావ మొదటిరోజే గ్రూపులో తీర్పు చెప్పాడు: "ఫస్టు దాంట్లో తాళం ఉండె. ఈ దాంట్లో బీగం ఉండాది." (తలుపుకు వేసే తాళాన్ని మా పక్క బీగం అంటాం.) ఆ ఒక్క మాటకు వచ్చినన్ని దండాలు వాడి పుట్టినరోజుకు కూడా రాలేదు.

ఆ తరువాత ఒక్కొక్కరు ఒక్కో తీరున బాధపడ్డారు. శిడ్లఘట్ట నుంచి ఒకాయన, పాటలన్నీ పాడైపోయాయని పొద్దున్నే ఒక పెద్ద వ్యాసం పెట్టేవాడు. ఇంకొకాయన ఈ జన్మలో ఇక ఆడనని ప్రకటించాడు, కానీ ఎప్పుడు చూసినా ఆటలోనే ఉన్నట్టు పక్కన పచ్చచుక్క వెలుగుతూ ఉండేది. అందరికంటే ఎక్కువ మండిపడినవాడు అసలు ఆట కొననేలేదు. కొనకముందే మోసపోయానని అతని బాధ. ఇంతమంది తిట్టినా మొదటి లెవెల్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అందులో పాట వెనకాల సన్నగా వాన పడుతున్న చప్పుడు ఉండేది. ఆ వాన ఒక్కటే బాగుందని అందరూ ఒప్పుకున్నారు.

నేను చచ్చిపోయేది మూడో లెవెల్లో. అందులో తాళం ఒక దారిన నడవదు. కాసేపు గడగడమంటుంది, ఆగుతుంది, ఆగిందనుకుంటే బుస్సుమంటుంది, మళ్లీ ఆగుతుంది. బావ కూడా అక్కడ తడబడ్డాడు. నేను తడబడటం కాదు, అక్కడే కాపురం పెట్టాను. ఒక ఆదివారం విసిగిపోయి, బావ చేత ఫోను పట్టించి, కెమెరా ముందు నిలబడి నా అభిప్రాయం ఈ లోకానికి చెప్పాను. చాలా చెప్పాను. జనానికి నచ్చింది మాత్రం చివరి ముక్క: "పాటనా ఇది? మా పక్క ఎండాకాలం బోర్లు నీళ్లు లేక గాలి కక్కుతాయి చూడండి, అట్ల ఉండాది." ఆ ముక్కను ఎవరో కత్తిరించి, ఎండిన బోరు బొమ్మ ఒకటి తగిలించి వదిలారు. చిక్కబళ్లాపురం బస్సులో నా వెనక సీట్లో ఎవరో ఫోన్లో నా గొంతు విని నవ్వుతుంటే, నేను మెడ తిప్పకుండా కిటికీలోంచి చూస్తూ ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

మా గ్రూపులో గూళూరు అనే పల్లె పేరుతో ఒక నంబరు ఉండేది. ఫోటో లేదు, మాట లేదు. ఎవడో సిగ్గరి కుర్రవాడనుకుని, "ఏమప్పా గూళూరు, నిద్రపోతాండావా" అని అప్పుడప్పుడూ కెలికేవాళ్లం. నా వీడియో ఊరంతా తిరిగిన వారానికి ఆ గూళూరు నుంచి నాకు విడిగా ఒక మెసేజు వచ్చింది. "అన్నా, మీరు కరెక్టుగా చెప్పినారు. అది బోరే. మా బోరే."

తరువాత ఫోన్లో మాట్లాడితే ఆ గూళూరు కుర్రవాడు అమ్మాయి అని తెలిసింది. (బావ వెంటనే గ్రూపులో పాత కెలుకుళ్లన్నీ చెరిపేయడం మొదలుపెట్టాడు.) ఆమె బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో ఆటలకు సంగీతం చేసే పనిలో ఉంది. తాళం తుపాకి రెండో భాగంలో కొన్ని పాటలు ఆ కంపెనీవే. మూడో లెవెల్ పాట ఆమెది, అదే ఆమె మొదటి పాట. వాళ్ల నాన్న తోటలో బోరు నీళ్లు తగ్గి గాలి కక్కుతుంటే, ఆ చప్పుడును ఫోన్లో పట్టుకెళ్లి దాని మీద పాట కట్టింది. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఆ పాటను తిట్టారు కానీ, అదేమిటో గుర్తుపట్టింది నేనొక్కణ్ణేనట. ఆమె నవ్వుతూనే చెప్పింది. ఆ తరువాత చెప్పిన మాటకు మాత్రం నా గర్వం కాస్తా దిగిపోయింది. ఆటగాళ్ల ఫిర్యాదులు చూపించడానికి వాళ్ల ఆఫీసు మీటింగులో నా వీడియో వేశారట. పాట తీసేసి వేరేది పెడదామా అని పైవాళ్లు ఆలోచిస్తున్నారట. "దానికి మీరేమీ అనుకోవద్దన్నా. ఆదివారం ఊరికి పోతాండాను. మీరూ రండి, బోరు చూద్దురు" అంది.

నేను వెళ్లడానికి కారణం మొహమాటం. బావ వెళ్లడానికి కారణం నేను చెప్పను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని, చింతామణి నుంచి బాగేపల్లికి వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. మోటారు సైకిలు మీద గూళూరు దాటి, వేరుశనగ చేలూ రాళ్ల గుట్టలూ దాటి, అడుగుతూ అడుగుతూ వాళ్ల తోట చేరాం. మమ్మల్ని దూరం నుంచి చూసి ఒక పెద్దాయన తుండు దులుపుకుంటూ ఎదురొచ్చాడు. అమ్మాయి నాన్న. మా చేతుల వైపు, బండి వెనక వైపు చూసి, మర్యాదగా అడిగాడు.

"సామాన్లు ఏమీ తేలేదాప్పా?"

తేవడానికి ఏముంది, ఒక బిస్కెట్ల పొట్లం తెచ్చాం. అది చేతికిస్తే ఆయన దాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు. సంగతేమిటంటే, బెంగళూరు నుంచి కూతురు ఫోన్లో, బాగేపల్లి నుంచి ఇద్దరు వస్తారు, వాళ్లు చప్పుడు వినే మన బోరు గాలి కక్కుతోందని చెప్పేశారు అంది. అది విన్న పెద్దాయన, ఎవరో గొప్ప మోటారు మెకానిక్కులు వస్తున్నారనుకుని పొద్దున్నుంచి కాచుకుని ఉన్నాడు. అమ్మాయి ఇంట్లోంచి వచ్చేలోపే మమ్మల్ని బోరు దగ్గరకు తీసుకెళ్లి, స్టార్టరు పెట్టె తెరిచి, మోటారు వేసి చూపించాడు. పైపు మూతి దగ్గర గడగడమని, ఆగి, బుస్సుమని, మళ్లీ ఆగింది. నేను అచ్చంగా ఆటలోలాగే కుడిచేతి వేలు మడిచాను. బావ గంభీరంగా తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి పెద్దాయన ముఖం వెలిగింది. నాకైతే అక్కడే బోరులో దూకాలనిపించింది. (పట్టను, ఆరంగుళాల బోరు.)

అమ్మాయి వచ్చి, వీళ్లు మెకానిక్కులు కారు నాయనా, నేను చేసిన ఆట ఆడేవాళ్లు అని చెప్పింది. ఆయన మోటారు ఆపి, స్టార్టరు పెట్టె మూశాడు. అసలు సంగతి మాకు అప్పుడు తెలిసింది. మోటారుకు నీళ్లు అందడం లేదు. ఇంకొంచెం పైపు కలిపి కిందికి దింపితే అందవచ్చు. బోరు పక్కన మల్బరీ తోట వాడిపోతోంది. ఇంటి పక్క కొట్టంలో పట్టుపురుగులు ఆఖరి తిండి మీద ఉన్నాయి. ఆ నాలుగు రోజులు ఆకు సరిగ్గా పడకపోతే పంటంతా పోయినట్టే. ఊళ్లో ఒక మెకానిక్కు ఉన్నాడు కానీ, పైపు పైకి లాగడానికి మనుషులు కుదరక పని వాయిదా పడుతూ వచ్చింది. వేరుశనగ పీకే రోజులు, ఎవరూ ఖాళీగా లేరు.

వాళ్లమ్మ కాఫీ తెచ్చిచ్చింది. మేం తాగుతుంటే పెద్దాయన మమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు. బావ సెంటు వాసన కూడా చూశాడేమో తెలియదు. చివరకు ఎంతో నెమ్మదిగా అన్నాడు.

"మెకానిక్కులు కాకపోతే ఏమిలేప్పా. చేతులైతే ఉండాయి గదా."

మెకానిక్కు వచ్చాడు, పక్క తోటవాళ్లు ఒకరిద్దరు వచ్చారు. అది పాత బోరు, అంత లోతు కాదు, నల్ల పైపు. దాన్ని బోరు నోట్లోంచి పైకి తీసి, భుజాల మీద పెట్టుకుని, చేను వెంబడి లాక్కుంటూ నడవాలి. నడవడమంటే ఊరికే నడవడం కాదు, మెకానిక్కు ఓయ్ అంటే అందరూ ఒక్కసారే అడుగెయ్యాలి. ఇక్కడ నా పాత రోగం బయటపడింది. అందరూ అడుగేసినప్పుడు నేను నిలబడి ఉంటాను, అందరూ నిలబడినప్పుడు నేను అడుగేస్తాను. పైపు ఒకసారి నన్ను వెనక్కి గుంజింది, ఒకసారి ముందుకు తోసింది, మూడోసారి మడిలో కూర్చోబెట్టింది. బావ ముందు వరసలో ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో భుజాలు కదులుతున్నాయి. మెకానిక్కు పని ఆపి నా దగ్గరకు వచ్చి, "ఏమప్పా, నీకొక్కనికి వేరే పాట వస్తాండాదా" అని అడిగాడు. పక్కన అమ్మాయి పైపు పట్టుకుని ఉండి కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆఖరికి నన్ను బావ వెనక నిలబెట్టి, వాడి చొక్కా పట్టుకుని వాడెప్పుడు కదిలితే అప్పుడు కదలమన్నారు. అలా ఆ ఇస్త్రీ చొక్కా ఒక భుజం దగ్గర చిరిగింది. అయినా పైపు వచ్చింది, మోటారూ వచ్చింది. కొత్త ముక్క కలిపి మళ్లీ అంతా దింపేసరికి మా చేతులు బొబ్బలెక్కాయి.

స్టార్టరు నొక్కిన తరువాత కాసేపు ఏమీ లేదు. పైపులో గాలి వచ్చింది. తరువాత మట్టి నీళ్లు, ఆ తరువాత తెల్లటి నీళ్లు, పైపు నిండుగా, ఆగకుండా. పెద్దాయన నీళ్ల కింద చేయి పెట్టి అలాగే నిలబడ్డాడు. నేను ఆటలో ఎంతోమంది రాక్షసుల్ని చంపాను గానీ (బావ సాయంతో), ఆ నీళ్లు చూసినప్పటి సంతోషం ఎప్పుడూ కలగలేదు.

రాగి సంకటి, పప్పు, పక్కన వేరుశనగ చట్నీ పెట్టారు. బావ తింటూ తింటూ బయటకు చెవి పెట్టి, వాన పడుతోంది, బండి సీటు తడుస్తుంది అని లేచాడు. వాన కాదు, కొట్టంలో పట్టుపురుగులు ఆకు తింటున్న చప్పుడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆటగాళ్లందరూ మెచ్చుకున్న ఆ మొదటి లెవెల్ వాన కూడా ఈ ఇంట్లోంచి ఆమె ఫోన్లో పట్టుకెళ్లిందే. అమ్మాయి ఏమీ ఎరగనట్టు ఇంకో ముద్ద వడ్డించింది.

తిన్నాక పెద్దాయన, ఇంతకూ నా బిడ్డ చేసే పని ఏంది, నేనెప్పుడూ చూడలేదు, చూపించండి అన్నాడు. వసారాలో చాప పరిచారు. అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి, చిన్న స్పీకరు ఒకటి పెట్టి, ఆట మొదలుపెట్టింది. ఇనుప రాక్షసుల్ని చూసి ఆయన, పాపం వీళ్లు ఎవరు, ఎందుకు కాలుస్తున్నావని అడిగాడు. ఇంతలో మూడో లెవెల్ వచ్చింది. స్పీకర్లోంచి గడగడమని, ఆగి, బుస్సుమంది.

పెద్దాయన లేచాడు. ఏమి జరిగిందో మాకు తెలిసేలోపే చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి పరుగు తీశాడు. నీళ్లు లేని మోటారు తిరిగితే కాలిపోతుంది. ఇన్నేళ్లుగా ఆ చప్పుడు వినపడితే చాలు, తింటున్నా పడుకున్నా లేచి పరిగెత్తి మోటారు ఆపడం ఆయనకు అలవాటు. ఆయన వెనక అమ్మాయి, ఆమె వెనక మేమిద్దరం. మేం చేరేసరికి ఆయన స్టార్టరు పెట్టె మీద చేయి పెట్టి ఆయాసపడుతున్నాడు. మోటారు ఆపేశాడు. పైపు మూతిలోంచి తెల్లటి నీళ్ల ఆఖరి ధార ఇంకా కారుతోంది. ఆయన ఆ నీళ్ల వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

"ఇదా నువ్వు చేసేది?" అన్నాడు. "ఈ శబ్దం మళ్లీ వినకూడదని నేను దేవుళ్లందరికీ మొక్కుకుంటాండాను. నువ్వు దీన్ని పాట చేసినావా?"

నేనూ బావా నేల చూపులు చూస్తూ నిలబడ్డాం. నా వీడియోకన్నా పెద్ద తిట్టు ఇది. అమ్మాయి మాత్రం తల దించుకోలేదు.

"ఇది వింటే ఎవురైనా లేచి పరిగెత్తాల అనే పెట్టినా నాయనా. అంతమంది ఆడినారు, ఒక్కరూ లేయలేదు. నువ్వే లేచినావు."

ఆయన తుండుతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత మెల్లగా మోటారు మళ్లీ వేసి, ఇంటివైపు నడుస్తూ, ఆ ఆట ఇంకోసారి పెట్టు, ఈసారి లేయను అన్నాడు. పెట్టింది. మొదటి బుస్సుకే సగం లేచి, మమ్మల్ని చూసి, తుండు సర్దుకుంటున్నట్టు నటించి కూర్చున్నాడు. నేను చూసిన ఆటగాళ్ల స్పందనలన్నిటిలో నిజాయితీ ఉన్నది అదొక్కటే. పైగా ఆయన తుపాకి ముట్టుకోనే లేదు.

వెళ్లేముందు మేం ఇంకో వీడియో తీశాం. నేను, బావ, మా వెనక నీళ్లు పోస్తున్న పైపు. పాట ఎక్కడిదో, అందులో ఏముందో చెప్పి, నాకు తాళం రాకపోతే అది పాట తప్పు కాదని కూడా అన్నాను. దాన్ని దాదాపు ఎవరూ చూడలేదు. (మా అమ్మ చూసి, బురదలో ఎందుకు ఉన్నావని అడిగింది.) మొదటిది మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అయినా అమ్మాయి వాళ్ల నాన్న పరుగు సంగతి మీటింగులో చెప్పిందట. పాటను తీసేయలేదు. తాళం రానివాళ్లు తుపాకి బిగుసుకోకుండా ఆడుకునే వీలు మాత్రం కల్పించారు. అది రాగానే మా గ్రూపులో, ఆటను మరీ పిల్లలాట చేసేశారని కొత్త గొడవ మొదలైంది. మొదలుపెట్టింది ఆట కొనని ఆయనే. బావకు ఉన్నట్టుండి మూడో లెవెల్ ఎంతో నచ్చేసింది. తరువాత ఆ అమ్మాయి పెళ్లికి మమ్మల్నిద్దరినీ పిలిస్తే వచ్చి, భోజనం చేస్తూ చాలా తక్కువ మాట్లాడాడు.

గూళూరు నుంచి వచ్చిన మర్నాడు, సోమవారం, నేను ఆఫీసుకు వెళ్లాను. చేతుల బొబ్బల వల్ల ఒక్క అక్షరం కూడా కొట్టలేకపోయాను. మా పైఅధికారి పిలిచి, కన్నడలో, చేతులకేమైంది, ఆదివారం ఏం పని చేశావు అని అడిగారు. నేను నిటారుగా నిలబడి, బోరు పైపు లాగామండీ, నీళ్లొచ్చాయి అన్నాను. ఆయన నావైపు కొంచెం గౌరవంగా చూసి, ఇంటికి వెళ్లి పసుపు పెట్టుకోమన్నారు. ఇప్పుడు నా ఉద్యోగం పేరు చెప్పడానికే ఒక వాక్యం పడుతుంది. ఏం పని చేస్తావని బంధువులెవరైనా అడిగితే నేను చాలాసేపు వివరిస్తాను, వాళ్లు ఓపిగ్గా వింటారు, చివరికి, అయితే కంప్యూటరే గదా అంటారు. అప్పుడప్పుడూ ఆ సోమవారం నాటి నేను, ఆ పడుచువాడు, గుర్తొస్తాడు. గోళ్లలో ఇంకా వదలని బురద, రెండు చేతులూ గాల్లో పెట్టుకుని, రెండు ముక్కల్లో తన పని చెప్పేసి అధికారి గదిలోంచి బయటకు నడుస్తున్నాడు. ఆ నడక చూస్తే, పైపంతా తానొక్కడే లాగాడని ఎవరైనా నమ్మేస్తారు.